మొదటి జీతంలో తగ్గిన 2,500 ఎటు పోయింది?

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఆఫర్ ఇచ్చేటప్పుడు నెలకి 25,000 అన్నారు. నెలాఖరుకి అకౌంట్‌లో పడింది 22,500. మధ్యలో 2,500 ఎటు పోయింది?

ఇది నా మొదటి జీతం కథ. 2022 జులై. మాది తెనాలి. నాన్న టైలర్. బీటెక్ అవ్వగానే హైదరాబాద్ వచ్చి, మాదాపూర్‌లో ఒక చిన్న స్టార్టప్‌లో ట్రైనీగా చేరాను. జీతం పడిన మెసేజ్ చూసి, ఇదేంటి తక్కువ వచ్చింది అని హెచ్ఆర్‌ని అడిగితే, "ట్యాక్స్ కట్ అయింది, అందరికీ అంతే" అన్నారు. నేను సరే అనుకున్నా. ట్యాక్స్ అంటే గవర్నమెంట్‌ది కదా, మనం అడిగేదేముంది అనుకున్నా. ఇంటికి ఫోన్ చేసి అదే చెప్పా. నాన్న బాధపడతారేమో అనుకుంటే, ఆయన మురిసిపోయారు. షాపుకి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకీ "మా అమ్మాయి ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టే రేంజికి వెళ్లిందండీ" అని చెప్పుకున్నారట. అమ్మ చెప్పింది.

అలా మార్చి దాకా, తొమ్మిది నెలలు. తొమ్మిది సార్లు 2,500 అంటే 22,500. సరిగ్గా నా చేతికొచ్చే ఒక నెల జీతం. అంటే నేను ఒక నెలంతా ఊరికే పనిచేసినట్టు. ఆ రోజుల్లో నెల చివరి వారం వచ్చిందంటే హాస్టల్‌లో పక్క బెడ్ అమ్మాయి దగ్గర ఐదొందలు, వెయ్యి అప్పు చేసేదాన్ని. నాన్న కాళ్ల నొప్పులతో తొక్కుడు మిషన్ మీద కుడుతున్నారు, దానికి మోటార్ పెట్టిద్దాం అనుకుంటూ ప్రతి నెలా వాయిదా వేసేదాన్ని.

ఇప్పుడు అసలు విషయం. ఆ సంవత్సరం నేను కట్టాల్సిన ఇన్‌కమ్ ట్యాక్స్ ఎంతో తెలుసా? సున్నా.

ఈ ఎపిసోడ్‌లో మీకు చెప్పాలనుకున్నది ఇదే. ట్యాక్స్ కట్ అవ్వడం వేరు, ట్యాక్స్ కట్టాల్సి ఉండటం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది మన డబ్బు మనమే వదిలేసుకుంటున్నాం. నేను సీఏని కాదు, ముందే చెప్తున్నా. నేను పడి లేచి నేర్చుకున్నది చెప్తాను. పెద్ద లెక్కలు ఉన్నవాళ్లు సీఏ దగ్గరికే వెళ్లండి.

ట్యాక్స్ లెక్క నెలకి కాదు, సంవత్సరానికి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా మీకు మొత్తం ఎంత వచ్చింది అనేదాని మీదే ట్యాక్స్. ఆ మొత్తం మార్చి 31 దాకా తెలీదు. కానీ గవర్నమెంట్ అప్పటిదాకా ఆగదు కాబట్టి, జీతం ఇచ్చేవాళ్లనే ముందుగా కొంత పట్టుకుని మీ పేరు మీద జమ చేయమంటుంది. దాన్నే టీడీఎస్ అంటారు. అది అడ్వాన్సు లాంటిది. సంవత్సరం అయ్యాక అసలు లెక్క తేలుతుంది. ఎక్కువ పట్టుకుంటే వెనక్కి ఇస్తారు, తక్కువ పట్టుకుంటే మీరు ఇంకా కట్టాలి. ఆ లెక్క తేల్చే కాగితమే రిటర్న్, ఐటీఆర్. మీరు అది వేయకపోతే మీ డబ్బు మీకు ఇవ్వాలని ఎవరికీ తెలీదు. వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి ఇవ్వరు.

నాకు ఇది చెప్పింది మా హాస్టల్‌లో ఉండే ఒక అక్క. సీఏ ఆర్టికల్‌షిప్ చేసేది. 2023 అక్టోబర్‌లో ఒక రోజు రాత్రి మెస్‌లో తింటూ జీతాల మాట వచ్చింది. నేను గొప్పగా "నాకు ట్యాక్స్ కట్ అయ్యేది అక్కా" అన్నా. "ఎంత జీతానికే?" అంది. 25,000 అన్నా. తినడం ఆపేసి నా మొహం చూసింది. అప్పటికప్పుడు నా ఫోన్‌లోనే ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ తెరిపించి, నా పాన్‌తో రిజిస్టర్ చేయించి, ఫారం 26ఏఎస్ అని ఒకటి ఉంటుంది, అది తీసింది. నా పేరు మీద ఎవరెవరు ఎంత ట్యాక్స్ జమ చేశారో అందులో ఉంటుంది. నా కంపెనీ పేరు, దాని కింద ఎంట్రీలు, ప్రతి దాని పక్కన ఒక నంబర్: 194జె.

"నిన్ను ఉద్యోగిగా తీసుకోలేదే వీళ్లు," అంది అక్క. "డాక్టరుకో లాయరుకో ఫీజు ఇచ్చినట్టు ఇచ్చారు నీకు."

ఇదీ సంగతి. మీకు కంపెనీ జీతం ఇస్తే, అంటే నిజంగా జీతంగా ఇస్తే, టీడీఎస్ సెక్షన్ 192 కింద వెళ్తుంది. అక్కడ కంపెనీ మీ సంవత్సరం మొత్తం ఆదాయం అంచనా వేసి, ట్యాక్స్ పడుతుందనుకుంటేనే కట్ చేస్తుంది. పడదనుకుంటే ఒక్క రూపాయి ముట్టదు. అదే మిమ్మల్ని కన్సల్టెంట్‌గానో రిటైనర్‌గానో రాసుకుంటే, అది జీతం కాదు, ప్రొఫెషనల్ ఫీజు. సెక్షన్ 194జె. అక్కడ మీ సంవత్సరం ఆదాయం ఎంత అని ఎవరూ చూడరు. మామూలుగా 10 శాతం కట్. 25,000కి 2,500. అంతే.

మీరు తొమ్మిదింటికి వెళ్తారు, ఆరింటికి వస్తారు, మేనేజర్‌ని అడిగి సెలవు పెడతారు, మెడలో ఐడీ కార్డు ఉంటుంది. అన్ని రకాలుగా ఉద్యోగే. కాగితం మీద మాత్రం బయటి మనిషి. దీనివల్ల పోయేది ఒక్క 10 శాతం కాదు. పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు, జీతంతో కూడిన సెలవుల మాట ఉండదు. నా ఆఫర్ లెటర్ తీసి మళ్లీ చదివితే రెండో పేజీలో "కన్సల్టెన్సీ ఫీజు" అనే ఉంది. అక్కడ సంతకం పెట్టింది నేనే. చదవలేదు. ఉద్యోగం వచ్చిందన్న సంతోషంలో ఎవరు చదువుతారండీ అవన్నీ!

అలాంటి ఆఫర్ వస్తే చేరొద్దు అని నేను అనను. చేతిలో ఇంకో ఉద్యోగం లేనప్పుడు ఆ సలహా చెప్పడం తేలిక. కానీ చేరే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "నన్ను పేరోల్‌లో తీసుకుంటున్నారా, కన్సల్టెంట్‌గానా?" ఈ ప్రశ్న అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకునే కంపెనీ ఏదీ ఉండదనే అనుకుంటా. కన్సల్టెంట్ అంటే, మీకు చెప్పిన అంకెలోంచి 10 శాతం తీసేసి ఇంటి ఖర్చు లెక్క వేసుకోండి. ఆ 10 శాతం ఏడాది తర్వాత రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలని ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మామూలు ఉద్యోగుల సంగతి. మీలో ఎక్కువమంది వీళ్లే. 2025-26 సంవత్సరానికి, అంటే 2026 మార్చి 31తో అయిపోయే ఏడాదికి, కొత్త పద్ధతి రేట్లు ఇలా ఉన్నాయి. మొదటి 4 లక్షలకి ఏమీ లేదు. 4 నుంచి 8 లక్షల మధ్య దానికి 5 శాతం, 8 నుంచి 12 మధ్య దానికి 10 శాతం, 12 నుంచి 16 మధ్య దానికి 15, అలా పెరుగుతూ 24 లక్షలు దాటిన దానికి 30 శాతం. కానీ ఆదాయం 12 లక్షల లోపు ఉంటే లెక్కలో వచ్చిన ట్యాక్స్‌ని 87ఏ రిబేటు కింద మొత్తం కొట్టేస్తారు. జీతగాళ్లకి దానికి ముందే స్టాండర్డ్ డిడక్షన్ అని 75,000 తీసేస్తారు. అందుకే జీతం 12,75,000 దాకా ట్యాక్స్ సున్నా అంటారు.

12,75,000 దాటి పదో పాతికో వేలు ఎక్కువైతే మొత్తం ట్యాక్స్ మీద పడిపోతుందేమో అని భయపడేవాళ్లు ఉన్నారు. అలా పడదు. జీతం 13 లక్షలు అనుకోండి. 75,000 తీస్తే 12,25,000. రేట్ల ప్రకారం ట్యాక్స్ 63,750 రావాలి. కానీ మీరు 12 లక్షల మీద సంపాదించింది 25,000 మాత్రమే. దాని కంటే ఎక్కువ ట్యాక్స్ తీసుకోరు. దీన్ని మార్జినల్ రిలీఫ్ అంటారు. 25,000, దాని మీద 4 శాతం సెస్సు, 26,000 కడితే సరిపోతుంది.

మరి 40,000 జీతం అన్నారు, చేతికి 34,000 చిల్లర వచ్చింది, అదంతా ట్యాక్సేనా అంటే, కాదు. సీటీసీ 4,80,000 అంటే అందులో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, హెల్త్ ఇన్సూరెన్స్ కూడా కలిపే చెప్తారు. అవి మీ చేతికి రావు. మిగిలిన దాంట్లోంచి మీ వాటా పీఎఫ్ 1,800 పోతుంది. తర్వాత పీటీ అని ఒక 200 కనిపిస్తుంది. ప్రొఫెషన్ ట్యాక్స్. ఇది ఇన్‌కమ్ ట్యాక్స్ కాదు, రాష్ట్రానికి వెళ్తుంది. తెలంగాణలో, ఆంధ్రాలో నెలకి 15,000 దాకా ఏమీ లేదు, 20,000 దాకా 150, ఆ పైన ఎంతున్నా 200. దీన్ని వెనక్కి అడగడానికి లేదు. పే స్లిప్‌లో టీడీఎస్ లేదా ఇన్‌కమ్ ట్యాక్స్ అని రాసిన వరసలో ఉన్న అంకె మాత్రమే మనం మాట్లాడుకుంటున్న ట్యాక్స్. ఒకసారి మీ పే స్లిప్ తెరిచి చూడండి. అక్కడ సున్నా ఉంటే మంచిదే.

ఇక జనవరి నెల సంగతి. మీ హెచ్ఆర్ నుంచి మెయిల్ వస్తుంది, "ఇన్వెస్ట్‌మెంట్ ప్రూఫ్‌లు సబ్మిట్ చేయండి, లేకపోతే ట్యాక్స్ కట్ అవుతుంది" అని. ఆ మెయిల్ చూసి కంగారు పడి, సరిగ్గా ఈ మూడు నెలల్లోనే మన కుర్రాళ్లు తప్పులు చేస్తారు. మా చిన్నాన్న కొడుకు పోయిన ఏడాది ఉద్యోగంలో చేరాడు. ఏడాదికి 5 లక్షలు. ఈ మెయిల్ రాగానే ఊళ్లో ఇన్సూరెన్స్ ఏజెంటుగా ఉన్న ఒక బంధువు దిగాడు. "బాబూ, ట్యాక్స్ సేవ్ అవుతుంది, ఏడాదికి 25,000 కట్టు, ఇరవై ఏళ్లు" అని. వాడు సంతకం పెట్టేవాడే. పెట్టే ముందు రోజు నాకు ఫోన్ చేశాడు. "అక్కా, ఏం చేయమంటావు?"

"ఒరేయ్, నీకు ట్యాక్స్ ఎంత పడుతుందో ముందు చెప్పు" అన్నా.

వాడికి పడేది సున్నా. సున్నాలోంచి ఏం సేవ్ చేస్తాడు? 80సి కింద లక్షన్నర మినహాయింపు, ఇన్సూరెన్స్, ఇంటద్దె లెక్కలు, ఇవన్నీ పాత పద్ధతిలో పనికొచ్చేవి. ఇప్పుడు మీరేం చెప్పకపోతే కంపెనీ మిమ్మల్ని కొత్త పద్ధతిలోనే పెడుతుంది. కొత్త పద్ధతిలో 80సి లేదు. పాత పద్ధతిలో మినహాయింపులు ఉన్నా, అక్కడ రిబేటు 5 లక్షల ఆదాయం దాకే. కాబట్టి 12,75,000 లోపు జీతంతో మొదలైన వాళ్లెవరూ ట్యాక్స్ కోసం పాలసీ కొనాల్సిన పని లేదు. మీ మీద ఆధారపడిన వాళ్లు ఉంటే టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి, అది వేరే సంగతి, అది మంచిదే. మార్చిలో చుట్టం మొహమాటానికి ఇరవై ఏళ్ల పాలసీ మాత్రం వద్దు. వాడు కాదన్నందుకు ఆ బంధువు సంక్రాంతికి నాతో మాట్లాడలేదు. పర్లేదు.

ఇంకో విషయం, ఇది కొంచెం మంచి ప్యాకేజీతో మొదలైన వాళ్లకి. నా ఫ్రెండ్ ఒకమ్మాయి మధ్యలో ఉద్యోగం మారింది. అంకెలు అర్థమవడానికి 2025-26 రేట్లతో చెప్తాను. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా మొదటి కంపెనీలో నెలకి లక్ష, మొత్తం 6 లక్షలు. అక్టోబర్ నుంచి మార్చి దాకా రెండో కంపెనీలో నెలకి 1,30,000, మొత్తం 7,80,000. మొదటి కంపెనీ తన 12 నెలల అంచనా వేసుకుంది, 12 లక్షలు, ట్యాక్స్ లేదు. రెండో కంపెనీ తనిచ్చేది మాత్రమే చూసుకుంది, 7,80,000, ట్యాక్స్ లేదు. రెండు చోట్లా టీడీఎస్ సున్నా. మా ఫ్రెండ్ హ్యాపీ.

కానీ గవర్నమెంట్ లెక్కలో ఆమె ఒక్కరే మనిషి. 6 లక్షలు, 7,80,000 కలిపితే 13,80,000. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే, 75,000. మిగిలింది 13,05,000. ట్యాక్స్ 75,750, సెస్సు కలిపితే 78,780. ఇదంతా జులైలో ఒకేసారి చేతినుంచి కట్టాలి. ముందుగా కట్టలేదని పైన వడ్డీ. 234బి, 234సి అని రెండు సెక్షన్లు ఉన్నాయి, ఇక్కడే వడ్డిస్తాయి. ఆ డబ్బు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది కదా. ఆ అమ్మాయి పర్సనల్ లోన్ తీసుకుని కట్టింది. ట్యాక్స్ కట్టడానికి లోన్!

దీనికి మందు చాలా చిన్నది. కొత్త కంపెనీలో చేరినప్పుడు పాత కంపెనీలో ఎంత వచ్చింది, ఎంత ట్యాక్స్ పట్టుకున్నారు అనేది రాసి ఇస్తే సరిపోతుంది. అప్పుడు కొత్త కంపెనీ మొత్తం కలిపి లెక్కేసి నెలనెలా కొంచెం కొంచెం పట్టుకుంటుంది. పాత జీతం దాచాలనో, ఎందుకులే అనో చాలామంది ఇవ్వరు. ఇవ్వండి.

అలాగే ఆ 12 లక్షల సున్నా అన్నిటికీ వర్తించదు. ఫోన్‌లో షేర్లు కొని ఏడాది తిరక్కుండా అమ్మి లాభం తెచ్చుకున్నారనుకోండి, లిస్టెడ్ షేర్ల మీద ఆ లాభానికి 20 శాతం వేరుగా పడుతుంది. జీతం 6 లక్షలే అయినా, షేర్లలో 40,000 లాభం వస్తే 8,000, సెస్సు 320 కట్టాల్సిందే. క్రిప్టో లాభానికైతే 30 శాతం. "మా జీతానికి ట్యాక్స్ లేదు కదా" అని ఇవి రాయకుండా వదిలేయొద్దు. ఏఐఎస్ అని ఒకటి ఉంది, పోర్టల్‌లోనే. మీ షేర్ల అమ్మకాలు, బ్యాంకు వడ్డీ, అన్నీ అందులో వాళ్లకి కనిపిస్తూనే ఉంటాయి. మీకన్నా ముందే వాళ్లకి తెలుసు.

ఆ మాటకొస్తే, ఇంకో రకం మనుషులు ఉంటారు. "మీకు రిఫండ్ తెప్పిస్తాం, వచ్చిన దాంట్లో మాకు పది శాతం" అని వాట్సాప్‌లో తిరిగేవాళ్లు. ఇప్పుడు నేను పనిచేసే చోట కూడా ఒకాయన వచ్చాడు. టీడీఎస్ కట్ అయినవాళ్ల లిస్టు ఎలా సంపాదించాడో మరి. ఏం చేస్తారంటే మీరు కట్టని ఇంటద్దె, ఇవ్వని పార్టీ చందా, లేని వైద్య ఖర్చులు రాసి పాత పద్ధతిలో రిటర్న్ వేస్తారు. రిఫండ్ నిజంగానే పడుతుంది. వాళ్ల కమిషన్ వాళ్లు తీసుకుని వెళ్లిపోతారు. ఏడాది, రెండేళ్ల తర్వాత నోటీసు మీ పేరు మీద వస్తుంది. ఆదాయాన్ని తప్పుగా చూపించారని తేలితే ఎగ్గొట్టిన ట్యాక్స్ మీద 200 శాతం పెనాల్టీ. 2025 జులైలో ఇలాంటి దొంగ మినహాయింపుల మీద ఆదాయపు పన్ను శాఖ దేశమంతా తనిఖీలు చేసింది. మీ పాన్ పాస్‌వర్డ్, ఓటీపీ ఇంకొకరి చేతిలో పెట్టారంటే, ఆ రిటర్న్ మీరు వేసినట్టే. "ఏజెంటు చేశాడు సార్" అంటే కుదరదు.

సరే, నా కథకి వద్దాం. 2023 అక్టోబర్. 2022-23 రిటర్న్‌కి గడువు జులై 31తో అయిపోయింది. కానీ ఆలస్యంగా డిసెంబర్ 31 దాకా వేయొచ్చు. అక్క "ఇంకా టైమ్ ఉంది, వెయ్యి" అంది. తనకి పరీక్షలు దగ్గరపడ్డాయి. నేనే వేసేద్దాం అని కూర్చున్నా. ఫారాల్లో అన్నిటికన్నా తేలిగ్గా కనిపించింది ఐటీఆర్-1. జీతం అనే చోట 2,25,000 రాశా, టీడీఎస్ 22,500 వచ్చేసింది, సబ్మిట్. పని అయిపోయింది అనుకున్నా.

నవంబర్‌లో మెయిల్. డిఫెక్టివ్ రిటర్న్, సెక్షన్ 139(9). గుండె ఆగినంత పనైంది. నోటీసు అంటే పోలీసులు వస్తారేమో అన్నంత భయం. ఇంట్లో చెప్పలేదు. అక్క దగ్గరికి పరిగెత్తా. తను చదివి నవ్వింది. "నీకు వచ్చింది ప్రొఫెషనల్ ఫీజు, నువ్వు జీతం అని రాశావు. ఫారం తప్పు, అంతే. పదిహేను రోజుల్లో సరిచేసి పంపమంటున్నారు." ఐటీఆర్-1 జీతగాళ్లకి. ప్రొఫెషనల్ ఫీజు వచ్చినవాళ్లు దాన్ని వాడకూడదు. నాలాంటి చిన్న లెక్కలకి ఐటీఆర్-4. కూర్చోబెట్టి వేయించింది. అందుకే చెప్తున్నా, నోటీసు అనగానే భయపడొద్దు, అందులో ఏముందో చదవండి. కానీ ఎస్ఎంఎస్‌లో "మీ రిఫండ్ రెడీ, ఈ లింక్ నొక్కండి" అని వస్తే నొక్కొద్దు. నిజమైన నోటీసు అయితే పోర్టల్‌లో లాగిన్ అయినప్పుడు అక్కడ కూడా కనిపిస్తుంది. పోర్టల్ అడ్రస్ ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్. వేరే ఏదీ కాదు.

నాతో పాటు అదే కంపెనీలో చేరిన అబ్బాయి ఒకడు ఉన్నాడు, శ్రీకాకుళం వైపు. అతనికి నెలకి 2,500 కాదు, 5,000 కట్ అయ్యేది. ఇద్దరిదీ ఒకే జీతం. నీకెందుకు ఎక్కువ అని మేమెప్పుడూ అడగలేదు, అతనూ అడగలేదు. నా రిటర్న్ వేశాక అతనికి ఫోన్ చేసి చెప్పా, నువ్వూ వెయ్యి, నీకు 45,000 రావాలి అని. పోర్టల్ తెరిచి చూస్తే అతని 26ఏఎస్‌లో ఏమీ లేదు. ఖాళీ. పాన్ కార్డు ఫొటో చేరినప్పుడే హెచ్ఆర్‌కి వాట్సాప్‌లో పంపాడు. దాన్ని ఎవరూ సిస్టమ్‌లో ఎక్కించలేదు. పాన్ లేకపోతే 20 శాతం పట్టుకోవాలని రూలు, అందుకే 5,000. పట్టుకున్నది అతని పేరు మీద పడలేదు. కంపెనీ తన టీడీఎస్ స్టేట్‌మెంట్ సరిదిద్దితే తప్ప అది అతని ఖాతాలో కనిపించదు. అప్పటికి ఆ కంపెనీ మూసేశారు. మెయిల్ పెడితే జవాబు లేదు. ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. టీడీఎస్ సర్టిఫికెట్, ఫారం 16ఏ అంటారు, అది కూడా ఎవరూ ఇవ్వలేదు. డిసెంబర్ 31 అయిపోయింది. నాలుగు నెలలు రాత్రీ పగలూ టెస్టింగ్ చేసిన అబ్బాయి అతను. ఆ 45,000 ఇంకా రాలేదు.

అందుకే ఇది ఒక్కటి ఈ రోజే చేయండి, వీడియో ఆపి అయినా సరే. పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యి మీ 26ఏఎస్ చూడండి. కంపెనీలు మూడు నెలలకోసారి టీడీఎస్ లెక్క ఇస్తాయి. ఏప్రిల్, మే, జూన్ లెక్క జులై 31 లోపు, ఆ తర్వాతది అక్టోబర్ 31 లోపు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకాది జనవరి 31 లోపు. అంటే గడువు దాటిన నెలల దాకా మీ పే స్లిప్‌లో కట్ అయింది మీ 26ఏఎస్‌లో ఉండాలి. లేకపోతే మీరింకా ఆ కంపెనీలో ఉండగానే, ఆ కంపెనీ ఇంకా ఉండగానే అడగండి. పక్కన సెక్షన్ నంబర్ కూడా చూడండి. 192 ఉందా, 194జె ఉందా? 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, దాంట్లో ఈ నంబర్లు వేరు. జీతానికి 392, మిగతా చెల్లింపులకి 393. కాబట్టి నంబర్ బట్టీ పట్టకండి, జీతం అని ఉందా లేదా అనేది చూసుకోండి.

జూన్ 15 లోపు కంపెనీ మీకు ఫారం 16 ఇవ్వాలి, ట్యాక్స్ కట్ అయి ఉంటే. రిటర్న్‌కి గడువు జులై 31. ట్యాక్స్ సున్నా కదా, రిటర్న్ ఎందుకు అని అడుగుతారు. కొత్త పద్ధతిలో ఈ ఏడాది మీ ఆదాయం 4 లక్షలు దాటితే, రిబేటుతో ట్యాక్స్ సున్నా అయినా రిటర్న్ వేయాల్సిందే. గడువు దాటితే ఆదాయం 5 లక్షల లోపు వాళ్లకి 1,000, పైన వాళ్లకి 5,000 దాకా లేట్ ఫీజు. వేశాక ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయడం మర్చిపోవద్దు. 30 రోజుల్లో చేయకపోతే ఆ రోజుకి వేసినట్టు లెక్క కాదు. బ్యాంకు అకౌంట్ కూడా పోర్టల్‌లో వ్యాలిడేట్ చేసి ఉండాలి, లేకపోతే రిఫండ్ పడదు. ఇది కూడా నేను పడ్డ తిప్పలే, మొదటిసారి అకౌంట్‌లో నా పేరు, పాన్‌లో పేరు కలవలేదు. ఇంటిపేరు ఒక దాంట్లో పూర్తిగా, ఇంకో దాంట్లో ఒక అక్షరం. మన తెలుగువాళ్లకి ఇది మామూలే కదా.

2024 జనవరిలో రిఫండ్ పడింది. మెసేజ్ చూడగానే నాన్నకి ఫోన్ చేశా. ట్యాక్స్ డబ్బులు వెనక్కి వచ్చాయి నాన్నా, మొత్తం వచ్చాయి అని. అవతల కాసేపు మాట లేదు.

"అంటే నువ్వు ట్యాక్స్ కట్టనట్టేనా అమ్మా?" అన్నారు.

కట్టనక్కర్లేదు నాన్నా అన్నా. "మరి అందరికీ చెప్పానే" అన్నారు. నిజంగానే చిన్నబోయారు. ఆ వారంలోనే తెనాలి వెళ్లి మిషన్‌కి మోటార్ పెట్టించాను. ఇప్పుడు జాకెట్లు రెండింతలు కుడుతున్నారు, కాళ్ల నొప్పి కాస్త తగ్గింది. ట్యాక్స్ సంగతి మాత్రం షాపులో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదట.

వచ్చే ఎపిసోడ్ పీఎఫ్ మీద. ఉద్యోగం మారినప్పుడు పాత పీఎఫ్ డబ్బు ఏమవుతుంది, యూఏఎన్ రెండు ఎందుకు తయారవుతాయి అనేది చూద్దాం. ఉంటాను మరి.